ముఖచిత్రంలో చెంగయ్య పడవ

'మూడు ప్రాణాలు' కొత్త సంచిక ముఖచిత్రం కోసం గంగాభవాని కాలేజీ ల్యాబులో మూడు వారాలు కళ్ళు పొడుచుకుంది. అది నాయుడుపేట డిగ్రీ పిల్లలు వీడియో గేముల మీద నడుపుకునే పదహారు పేజీల పత్రిక. దాన్ని చదివేవాళ్ళకన్నా రాసేవాళ్ళే ఎక్కువని లెక్చరర్లు ఎగతాళి చేస్తారు. చేస్తే చేయనీ. ఆ పిల్లలకు మాత్రం అంతకు మించిన పని లోకంలో ఇంకోటి లేదు. ముఖేష్ బొమ్మలు గీస్తాడు, భవాని ఫోటోలు దిద్దుతుంది, మిగతావాళ్ళు తలా ఒక పేజీ రాస్తారు.

ఈసారి ముఖచిత్రం మీదికి ముఖేష్ సొంతంగా తయారుచేస్తున్న ఆట ఎక్కాలి. అందులో వీరుడు పడవ మీంచి పడవ మీదికి దూకుతూ పులికాట్ సరస్సు దాటుతాడు. వెనకాల నిజం సరస్సే ఉండాలని ముఖేష్ పట్టుబట్టాడు. ఒక శనివారం తెల్లారేసరికి భవాని వాళ్ళ జాలర్ల కుప్పానికి వచ్చి, కట్ట మీద నిలబడి, తన బాబాయి కెమెరాతో సూర్యోదయం తీసుకుపోయాడు. ఆ పొద్దు భవానికి పరీక్ష. తెల్లారకముందే బస్సెక్కేసింది, ఇంట్లో లేదు. సోమవారం కార్డు తెచ్చి చేతిలో పెట్టాడు.

ఫోటో దిద్దడమంటే అంతా ఏదో మీట నొక్కితే అయిపోతుందనుకుంటారు. కూర్చున్నవాళ్ళకు తెలుస్తుంది నడుం నొప్పి. ముఖేష్ గీసిన వీరుడు ఎడమవైపుకే చూస్తాడు. "కొంచెం ఇటు తిరిగేలా గీయరాదా?" అంటే, "మళ్ళీ మొదటినుంచా? నా వల్ల కాదు తల్లీ, నువ్వే సర్దుకో," అన్నాడు. సరే, సర్దుకుంది. ఆవలి ఒడ్డున సెల్ టవర్ కనిపిస్తే, ఆటలో టవరేందని చెరిపేసింది. నీళ్ళ మీద తేలే ప్లాస్టిక్ సీసాలు ఒక్కొక్కటే ఏరేసింది. బూడిద రంగు నీళ్ళకు రాగి రంగు పోసింది. చివరికి మిగిలింది నీళ్ళ నడుమ ఎర్రగుడ్డ కట్టిన సరుగుడు గుంజ, గుంజకు పక్కగా ఒక పడవ, పడవలో గడ పట్టుకుని నిలబడిన మనిషి.

ఆ మనిషి ఎవరో కాదు, వాళ్ళ నాయన చెంగయ్య. ముఖం నీడలో ఉన్నా, మాసికలు పడిన ఆ నీలం పడవను, ఆ నిలబడే తీరును భవాని గుర్తుపట్టదా! ఆ సంగతి ఇంట్లో చెప్పకుండా దాచుకుంది. నాయన ముంజేతి కడియం మెరిసేలా దాని మీద ఒక చుక్క వెలుతురు కూడా పెట్టింది, ముద్దుకొద్దీ.

గురువారం పత్రికలు అచ్చయి వచ్చాయి. భవాని రెండు ఇంటికి తెచ్చింది. ఒకటి ఇంట్లో గోడకు అంటించింది. రెండోది కుప్పం మొదట్లో ఉన్న రమణయ్య టీ అంగట్లో పెట్టి, "చూసుకోండి, మా నాయన!" అని గొప్పగా చెప్పి వచ్చింది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు గానీ, ఆ పొద్దు భవాని నోరు మూసుకుని ఉన్నా బాగుండేది.

మర్నాడు సాయంత్రం బస్సు దిగేసరికి టీ అంగడి ముందు పదిమంది ఉన్నారు. ఆమెను చూసి మాటలు ఆపేశారు. పెంచలప్రసాద్ చేతిలో పత్రిక ఉంది. వరసకు ఆమెకు చిన్నాయన అవుతాడు. రోజూ పలకరించేవాడే.

"పాపా, ఈ ఫోటో ఏ పొద్దు తీసినారు?" అన్నాడు, చాలా మెత్తగా.

"పోయిన నెల మూడో శనివారం, చిన్నాయనా. తెల్లారుజామున. ఎందుకు?"

"ఏం లేదులే. మంచిగొచ్చింది."

ఎవరూ నవ్వలేదు. రమణయ్య గ్లాసు కడుగుతూ తల తిప్పుకున్నాడు. భవానికి వీపు మీద చూపులు గుచ్చుకుంటున్నట్టు అనిపించింది. ఇల్లు చేరేదాకా ఎందుకో తెలియలేదు. వాకిట్లో అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తూ చెబితే అప్పుడు తెలిసింది.

సరస్సులో వల ఎక్కడ పడితే అక్కడ వేయరు. ఏ రోజు ఎవరు ఎక్కడ పట్టాలో ఏడాదికోసారి కుండలో చీట్లు వేసి తీస్తారు. ఆ వంతునే పాడు అంటారు. తాతల నాటి కట్టు అది. ఆ చీటీకి ఉన్న విలువ పోలీసు కాగితానికి కూడా లేదు. ఎర్రగుడ్డ గుంజే సరిహద్దు. ఊరి కట్ట మీద నిలబడి పొద్దు పొడిచే వైపు చూస్తే గుంజకు ఎడమ పక్క ఉత్తరపు పాడు, కుడి పక్క దక్షిణపు పాడు. ఆ శనివారం ఉత్తరం పెంచలప్రసాద్‌ది, దక్షిణం చెంగయ్యది. పత్రిక మీద చెంగయ్య పడవ గుంజకు ఎడమ పక్కన ఉంది.

పరాయి పాడులో వల వేసినవాడికి దురాయి పడుతుంది. అంటే ఊరి నిషేధం. ఏడాదిపాటు పడవ నీళ్ళలో దిగకూడదు. ఎవరూ పలకరించకూడదు, నిప్పు కూడా ఇవ్వకూడదు. కొత్త ఏడాది చీట్లు ఈ ఆదివారమే. కుండలో చెంగయ్య చీటీ పడుతుందో లేదో ఆ రోజే తేలుతుంది.

చెంగయ్య వసారాలో కూర్చుని వల బాగుచేస్తున్నాడు. ఊరంతా తన పేరు నములుతుంటే ఆయన చేతులు మాత్రం ముడి మీద ముడి వేస్తూనే ఉన్నాయి. భవాని గోడమీది పత్రిక పీకి ఆయన ముందు పెట్టింది. ఆయన దాన్ని ఎత్తి, దగ్గరగా పెట్టుకుని, చాలాసేపు చూశాడు. ఏదో చెప్పబోయి నోరు తెరిచాడు.

భవాని ఆగలేకపోయింది. "నిజం చెప్పు నాయనా. ఆ పొద్దు ఉత్తరానికి పోయినావా?"

చెంగయ్య తెరిచిన నోరు మూసేశాడు. కూతురి వైపు ఒక్కసారి చూసి, పత్రిక కింద పెట్టి, మళ్ళీ వల అందుకున్నాడు.

ఇంకేం కావాలి! అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా? తప్పు చేయనివాడైతే ఒక్క మాట అనడా, అనుకుంది భవాని. ఆ శనివారం సంగతులు ఒక్కొక్కటే తవ్వుకుంది. ఆ మధ్యాహ్నం ఇంటికి రెండు గంపల రొయ్యలు వచ్చాయి. వాళ్ళ వంతులో ఎన్నడూ గంపైనా నిండింది లేదు. అమ్మ వీధంతా చెప్పుకుంది. అదే పొద్దు పెంచలప్రసాద్ వాళ్ళకు కూరకు కూడా దొరకలేదట. అన్ని రొయ్యలు ఎక్కడివి నాయనా? అని అడగబోయి మానుకుంది.

శనివారమంతా ఆమె కాలుగాలిన పిల్లిలా తిరిగింది. నాయన పడవ దగ్గరికి పోతే చూసింది, తిరిగొస్తే చూసింది. ఎవరితో మాట్లాడతాడో, ఎవరి నుంచి తప్పుకుంటాడో కనిపెట్టింది. ఎవరితోనూ మాట్లాడలేదు. అదీ అనుమానమే అయింది. తర్వాత అనుమానం ముఖేష్ మీదికి మళ్ళింది. బొమ్మ బాగుండాలని వాడే ఏమైనా కెలికాడేమో. ఫోన్ చేసింది.

"పడవను జరిపినావా నువ్వు?"

"నేనా? కార్డు నీ చేతిలో పెట్టినాక నేను ముట్టుకుంటే ఒట్టు. దిద్దింది నువ్వు, నన్నడుగుతావేంది?"

"నేను జరపలేదు. అసలు ఫోటో ఉందా నీ దగ్గర?"

"బాబాయి కార్డంతా చెరిపేసుకున్నాడు. ల్యాబులో నీ కంప్యూటర్లోనే ఉండాల. సోమవారం దాకా తాళం తీయరు గదా."

సోమవారం దాకా ఊరు ఆగదు. పడవను జరపలేదు, ఆ మాట మాత్రం ఆమె గుండె మీద చేయి వేసుకుని చెప్పగలదు. ముఖేష్ జరపలేదు, తను జరపలేదు. అంటే పడవ అక్కడే ఉంది. అంటే నాయన దొంగ. ఆ మాట మనసులో అనుకోగానే ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. నాయన మీద కోపమూ వచ్చింది.

ఆదివారం పొద్దున వలల షెడ్డు కింద ఊరు కూడుతోంది. అమ్మ నాయనకు సద్దన్నం పెట్టింది. చెంగయ్య ముద్ద కలుపుతుంటే ముంజేతి కడియం కంచం అంచుకు తగిలి టంగుమంది. చిన్నప్పటినుంచి భవానికి ఆ చప్పుడంటే నాయన అన్నం తింటున్నాడని అర్థం. పెళ్ళికి ముందు వేయించుకున్న రాగి కడియం అది. ఎముక బలిసి ఇరవై ఏళ్ళుగా చేతికే ఇరుక్కుపోయింది. సబ్బు రాసినా ఊడదు.

అన్నం తినే చేయి. కుడి చేయి.

భవాని చటుక్కున పత్రిక తీసింది. తను ముద్దుకొద్దీ చుక్క వెలుతురు పెట్టిన కడియం ధగధగా మెరుస్తోంది. ఎడమ చేతికి.

ఓరి దేవుడా! అప్పుడు గుర్తొచ్చింది. మొదటి రోజు మొట్టమొదట చేసిన పని. ముఖేష్ వీరుడు ఎడమకు చూస్తున్నాడు, పడవేమో కుడివైపు ఉంది. వీరుడు పడవను చూడాలి గదా అని ఫోటో మొత్తాన్ని అద్దంలో చూసినట్టు అటుదిటు చేసేసింది. ఒక్క నొక్కుడు. ఆ తర్వాత మూడు వారాలు ఆ తిరగబడిన బొమ్మే చూసి చూసి, అదే నిజం అనిపించసాగింది. తిరగబడిందని చెప్పగలిగిన సెల్ టవర్ను తన చేత్తోనే చెరిపేసింది. పడవను జరపలేదు, నిజమే. సరస్సునే తిప్పేసింది. బయటివాళ్ళు చేస్తే తెలియక చేశారనుకోవచ్చు. ఆ నీళ్ళ పక్కనే పుట్టిన పిల్ల, గుంజకు ఎటు ఏముందో పాలతో నేర్చుకున్న పిల్ల, కంప్యూటర్ ముందు కూర్చోగానే నీళ్ళకు కుడి ఎడమలుంటాయని మరిచిపోయింది!

తలెత్తి చూస్తే చెంగయ్య చేయి కడుక్కుని వెళ్ళిపోయాడు. భవాని పత్రిక పట్టుకుని పరిగెత్తింది.

షెడ్డు కింద ఊరికి తీర్పు చెప్పే పెద్దకాపు పద్మనాభయ్య కుక్కి మంచం మీద కూర్చున్నాడు. పక్కనే చీట్ల కుండ. చెంగయ్య ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మూడోసారి అడగతా ఉండా చెంగయ్యా. చెప్పేదుంటే చెప్పు."

చెంగయ్య చెప్పలేదు.

"ఇంకేంది తాతా, ఒప్పుకున్నట్టే గదా!" అన్నాడు పెంచలప్రసాద్.

"మా నాయన పోలేదు!" భవాని అరిచింది. ఆడపిల్లలు ఆ షెడ్డు కింద నోరెత్తరు. అందరూ తిరిగి చూశారు. భవాని ఆగలేదు. "తప్పు నాది తాతా. పుస్తకం కోసం నేనే ఫోటోను తిరగేసినా. అద్దంలో మాదిరి. పడవ కుడి పక్కనే ఉన్నింది."

"నాయన కోసం బిడ్డ కట్టిన కథ," అన్నాడు పెంచలప్రసాద్. "అట్టయితే అసలు ఫోటో చూపించు."

"చూపించినా నమ్మవులే చిన్నాయనా, అదీ దిద్దినానంటావు. ఇదే చూడు. కడియం ఏ చేతికుంది?"

పత్రిక చేతులు మారింది. ఎడమ చేతికేనని అందరూ ఒప్పుకున్నారు.

"నాయనా, చేయి చూపించు."

చెంగయ్య కదలలేదు. కట్టుకున్న చేతులు కట్టుకున్నట్టే ఉన్నాయి. "నీ కాళ్ళు పట్టుకుంటా నాయనా, చూపించు," అంది, ఏడుస్తూ.

అప్పుడు చాచాడు, కుడి చేయి.

పద్మనాభయ్య కళ్ళజోడు సర్దుకుని పత్రికను, చేతిని మార్చి మార్చి చూశాడు. కడియం పట్టుకుని గుంజాడు. ఊడలేదు. ఇంకో ఇద్దరు గుంజారు. "నా చేయి ఊడొచ్చేట్టుంది, వదలండిరా," అన్నాడు చెంగయ్య. మూడు రోజుల్లో ఆయన మాట్లాడిన మొదటి మాట అది. ఎవరో నవ్వారు. పెంచలప్రసాద్ మళ్ళీ మళ్ళీ పత్రిక చూసి, "మరి ఆ రొయ్యలు?" అన్నాడు, కానీ గొంతులో పస లేదు.

"వానకు కొత్తనీరొచ్చింది గదరా, దక్షిణం పక్కంతా పడినాయి. మర్నాడు ఆ వంతు మా వాళ్ళది, వాళ్ళకూ పడినాయి," అన్నాడు పద్మనాభయ్య. ఆ సంగతి ఎవరినడిగినా చెప్పేవాళ్ళు. భవాని అడగలేదు. అడగడానికి భయపడింది.

పెద్దకాపు చీటీ మీద చెంగయ్య పేరు రాయించి కుండలో వేశాడు. తర్వాత భవాని వైపు వేలు చూపించాడు. "నీ ఆటలు నువ్వాడుకో పాపా. ఈ నీళ్ళ ఫోటో ఇంకెప్పుడు అచ్చేసినా, గుంజకు ఏ పక్క ఏ పాడో కింద రాయాల. తిరగేస్తే తిరగేసినానని రాయాల. తెలిసిందా?"

"తెలిసింది తాతా."

ఇంటికి పోయేటప్పుడు తండ్రీ కూతుళ్ళు కట్ట మీద నడిచారు. ఎండెక్కింది. దూరంగా నీళ్ళలో గుంజ, ఎర్రగుడ్డ కనిపిస్తున్నాయి. కొంతదూరం పోయాక భవాని అడిగింది.

"నాయనా, ఆ పొద్దు పుస్తకం చూడగానే నీకు తెలిసిపోయిందా?"

"నా చేయి నాకు తెలీదా?"

"మరి చెప్పకపోతివే! ఏడాది దురాయి పడేది."

చెంగయ్య నాలుగడుగులు నడిచాడు. "చెప్దామనే నోరు తెరిచినా. ఊరు అడిగిందంటే అడగనీ, వాళ్ళకు నేనెవరు. ఇంతలో నువ్వు కూడా అడిగితివి," అన్నాడు.

భవాని ఆగిపోయింది. చెంగయ్య ఆగలేదు. భుజం మీద తువ్వాలు సర్దుకుని పడవ వైపు దిగిపోయాడు.