తాత ముందు అనలేని మాట

పద్దెనిమిది నిండగానే పిల్లల ఆస్పత్రి నన్ను వదిలించుకుంది. అనారా డాక్టరమ్మ నా భుజం తట్టి, "ఇక బిష్కెక్‌లో పెద్దల ఆస్పత్రికి వెళ్ళాలి ఉలార్. అక్కడ నీ గురించి నువ్వే చెప్పుకోవాలి, సరేనా?" అంది. నేను తలూపాను. తలూపడంలో నన్ను మించినవాడు లేడు.

నాది పేగుల్లో పుళ్ళు పడే జబ్బు. ఇన్నేళ్ళూ డాక్టరమ్మ ఏం అడిగినా జవాబు చెప్పింది మా నానమ్మ సైరాకాన్. ఎన్నిసార్లు దొడ్డికి వెళ్ళాను, రక్తం ఎంత పడింది, అన్నీ కూరగాయల బేరం ఆడినంత తేలిగ్గా చెప్పేసేది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేవాణ్ణి.

ఈసారీ ఆవిడే వస్తానని శాలువా కప్పుకుంది. తాత కాసిమాలి ఒప్పుకోలేదు.

"మీసాలొచ్చిన వాణ్ణి ముసల్ది చెయ్యి పట్టుకుని తీసుకెళ్తే మన కోచ్‌కోర్ ఊరంతా నవ్వుద్ది. మగాడయ్యాడు. మగాణ్ణి మగాడే తీసుకెళ్ళాలి."

బాబాయిలంతా నిజమే అన్నారు. ఒక్కడికీ బుర్ర పనిచేయలేదు. మా ఇళ్ళలో పెద్దవాళ్ళ ముందు కడుపు నొప్పి అనేంతవరకే చెల్లుతుంది. అంతకు కింద మనిషికి ఏమీ లేనట్టే బతకాలి. నా రక్తం సంగతి తాతకు తెలియనే తెలియదు. మనవడికి అరుగుదల తక్కువ, కుముస్ తాగిస్తే సర్దుకుంటుంది అనుకునేవాడు. ఆ గుర్రప్పాలు గిన్నెలకు గిన్నెలు పోసేవాడు. అవి తాగి నేను పడ్డ పాట్లు నాకూ నానమ్మకూ తెలుసు.

పెద్దల ఆస్పత్రిలో మీర్లాన్ అనే డాక్టరు. తాత తెల్లగడ్డం చూడగానే లేచి రెండు చేతులూ చాచి పలకరించాడు, తన కుర్చీ పక్కనే కూర్చోబెట్టాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"ఎలా ఉంది తమ్ముడూ?"

నేను నోరు తెరిచేలోపే తాత అందుకున్నాడు. "గుర్రంలా ఉన్నాడు. మొన్న కొండమీంచి మందని వీడే దించాడు."

"విరేచనాలు అవుతున్నాయా?"

తాత మోకాళ్ళమీద చేతులు పెట్టుకుని నిటారుగా కూర్చున్నాడు. నా చెవులు కాలిపోయాయి. "లేదు" అన్నాను.

"రక్తం?"

తాత చటుక్కున నా వైపు చూశాడు. "లేదు" అన్నాను మళ్ళీ.

డాక్టరు నన్నూ తాతనూ మార్చి మార్చి చూశాడు. ముసలాయన్ని కాసేపు బయట కూర్చోమనొచ్చు. కానీ అతన్నీ మా అమ్మల్లాంటి అమ్మే పెంచింది. తెల్లగడ్డం వాణ్ణి గదిలోంచి లెమ్మనడం వాళ్ళ ఇంట్లోనూ నేర్పలేదు. అనారా డాక్టరమ్మ పంపిన కాగితాల్లోనేమో పోయినసారి మందు బాగా పనిచేసిందనే ఉంది. ఆ మందు బలం తగ్గిపోయి మళ్ళీ రక్తం మొదలైన సంగతి అందులో లేదు.

"అయితే మంచిదే. ఈసారి ఎక్కించే మందు తక్కువొచ్చింది. నీకోసం ఒక సీసా ఉంచాం గానీ, నీకంటే కష్టంలో ఉన్నవాళ్ళున్నారు. నువ్వు మాత్రలు వేసుకో. ఆకులు రాలే కాలానికి రా, చూద్దాం."

అంతకుముందు ఒకసారి ఆ మందు ఆలస్యమైనప్పుడు, పెద్దపేగు తీసేసి పొట్టకు సంచీ పెట్టాలని నన్ను ఆపరేషన్ గది దాకా తోసుకెళ్ళారు. చివరి గడియలో సీసా దొరికి బయటపడ్డాను. ఇంట్లో మాత్రం నానమ్మ జ్వరమనే చెప్పింది. అన్నీ తెలిసి కూడా తలూపి లేచి వచ్చేశాను.

తాత సంతోషం పట్టలేకపోయాడు. రోడ్డు దాటించి, మాంసం కూరి కాల్చే సంసాల కొట్లో కూర్చోబెట్టాడు. నేను చాటుకు పోయి నానమ్మకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

"నోట్లో నాలుక లేదేంట్రా నీకు? పో, పోయి చెప్పు!"

"తాత ఉన్నాడే."

"ఉంటే? ఆయనకి పేగుల్లేవా?"

నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే కడుపులో మెలి పడింది. దొడ్డి గదికి తాళం వేసి ఉంది. తాళంచెవి ఉన్నవాడు ఎక్కడికో పోయాడు. నేను ఆ తలుపు పట్టుకుని నిలబడ్డాను. నిలబడ్డచోటే అయిపోయింది.

తాత వెతుక్కుంటూ వచ్చాడు. నా ప్యాంటు మీద రక్తం చూశాడు. ముఖం తెల్లబోయింది.

"ఎవడ్రా పొడిచింది? ఎటు పోయాడు?"

"ఎవరూ పొడవలేదు తాతా. రోజూ ఇంతే."

కాసేపు ఆయనకు అర్థం కాలేదు. అర్థమయ్యాక తన కోటు విప్పి నా నడుముకు చుట్టాడు. నన్ను ఇంచుమించు మోసుకుంటూ ఆస్పత్రికి పరుగెత్తాడు.

మందు ఎక్కించే గదిలో ఒక అమ్మాయి పడుకుని ఉంది. నాకన్నా బక్కగా ఉంది. నా సీసా ఆమె చేతిలోకి చుక్కచుక్కగా దిగుతోంది. తల్లి ఆమె కాళ్ళు పిసుకుతోంది. ఆ అమ్మాయి నా నడుముకున్న కోటు వంక చూసి ముఖం తిప్పుకుంది. ఆమె మీద కోపం తెచ్చుకోవాలని చూశాను. రాలేదు.

"ఈ మందు మళ్ళీ ఎప్పుడొస్తది?" అని మీర్లాన్‌ను అడిగాడు తాత.

"చెప్పలేను పెద్దాయనా. వారంలో రావచ్చు, చలికాలం దాకా రాకపోవచ్చు."

"లేదని వాడంటే నమ్మేస్తావా? నువ్వేం డాక్టరువి?"

మీర్లాన్ తల దించుకున్నాడు. "మీ ముందు ఇంకెలా అడగమంటారు?"

తాత నన్ను నడిపించుకొచ్చి బయటి బల్లమీద నా పక్కన కూలబడ్డాడు. నాకు బతుకు మీద అసహ్యం వేసింది. మీసాల మీద, మర్యాద మీద, మా ఇంటి మగతనం మీద అసహ్యం వేసింది. ఇంతలో మళ్ళీ మెలి.

"తాతా, దొడ్డికెళ్ళాలి. ఆగదు."

ఆయన లేచి నా చెయ్యి పట్టుకున్నాడు. జనంతో కిక్కిరిసిన వసారాలో, కొండ అవతలి మందను పిలిచే గొంతుతో అరిచాడు.

"తప్పుకోండి! నా మనవడికి పేగుల్లోంచి రక్తం పోతోంది! దొడ్డికెళ్ళాలి, దారివ్వండి!"

అందరూ తిరిగి చూశారు, గోడలకు అతుక్కుని దారిచ్చారు. నేను ఏడుస్తూ ఆయన వెనక నడిచాను. పొద్దున ఆ గదిలో మా ఇద్దరిలో ఎవరికైనా ఆ గొంతు వచ్చి ఉంటే, ఆ సీసా ఇప్పుడు నా చేతికి ఉండేది.