మైకులో పడ్డ మనసు

స్టేషన్‌లో రైళ్ల రాకపోకలు మైకులో చదివే ఉద్యోగం నాది. పద్దెనిమిదేళ్లుగా నా మాట మీద జనం ఎక్కుతున్నారు, దిగుతున్నారు. నా మాట చెవికెక్కనిది మా ఆవిడకొక్కదానికే.

అలాంటి నోటికి నెల క్రితం చీడ పట్టింది. "బండి వస్తోంది, పసుపు గీత దాటకండి" అని చదువుతూండగానే లోపల్నుంచి ఎవడో "దూకండి అను!" అంటాడు. చీమను చంపడానికి చేతులు, తొక్కడానికి కాళ్లు రాని మనిషిని నేను! పెదవి కొరుక్కున్నాను, నాలుక మడిచాను, చివరికి రెండు బళ్లకు నోరే మెదపలేదు.

స్టేషన్ మాస్టర్ పిలిచాడు. "ఇంకొక్క బండి చెప్పాపెట్టకుండా వచ్చిందంటే నీ కుర్చీలో మిషను మాట్లాడుతుందయ్యా!"

నోరు మూస్తే ఉద్యోగం పోతుంది, జారితే ఎవరి ప్రాణమో పోతుంది.

అక్క మానసిక వైద్యశాలలో నర్సు. ఫోన్ చేసి అంతా కక్కేశాను.

"ఒరేయ్, దాన్ని తరిమితే వెంటపడుతుంది. ఊపిరి గమనించుకుంటూ, వచ్చిందాన్ని వచ్చిందని పైకే అను. రానీ, ఉండనీ."

"పోకపోతే?"

"నెత్తికెక్కించుకోకు. పక్కన కూర్చోబెట్టుకో."

మర్నాడు ఎనిమిదింటి బండి. మీట నొక్కాను, మైకు మీద ఎర్ర దీపం వెలిగింది. చదివాను. దిగబడ్డాడు లోపలి మహానుభావుడు. కళ్లు మూసుకున్నాను. ఊపిరి లోపలికి, ఊపిరి బయటికి. "పిచ్చి ఆలోచన వచ్చింది. రానీ. ఉండనీ. అదే పోతుంది."

ప్రశాంతం అనుకున్నాను. తీరా అది ప్రసారం! కళ్లు తెరిస్తే ఎర్ర దీపం ఇంకా వెలుగుతోంది. మీట ఆపడం మరిచిపోయాను.

అద్దంలోంచి చూస్తే కింద జనమంతా గీతకు రెండడుగులు వెనక్కి తగ్గి పట్టాల వైపు తొంగి చూస్తున్నారు. ఒక పెద్దాయన మెట్లెక్కి వచ్చి కిటికీ తట్టాడు.

"బాబూ, అది ఏ ప్లాట్‌ఫారం మీదికి?"

"నా మీదికేనండీ."

ఆయన వెనకే మాస్టర్. "లే! లే ముందు!" అంటూ నన్ను లేపి తనే కూర్చున్నాడు. ఇంకో బండికి రెండు నిమిషాలే ఉంది. కాగితం అందుకుని మీట మీద వేలు పెట్టాడు. వేలు అక్కడే ఆగిపోయింది.

"ఏమైంది సార్?"

"నీకేమని వస్తుందయ్యా?"

చెప్పాను.

"నయమే. నాకొచ్చేది ఎవరికీ చెప్పను. ఇరవయ్యేళ్లయింది ఈ మైకు ముట్టి." లేచి కుర్చీ నావైపు తోశాడు. "చదువు. మీట ఆపాక ఎవడితోనైనా మాట్లాడుకో!"

చదివాను. వచ్చింది. పెదవి కొరకలేదు. గొంతులో అది తలుపు బాదుతూండగానే "గీత దాటకండి" అని మీట ఆపాను. బండి వచ్చింది, ప్లాట్‌ఫారం ఖాళీ చేసుకుని పోయింది. నా ఆలోచన మాత్రం కదల్లేదు. తర్వాతి బండికి పదకొండు నిమిషాలు. కాగితం ముందుకు లాక్కున్నాను.