క్వెర్న్‌డేల్ ఇంటిపేరు వాళ్ళు

లైబ్రరీ తాళం తీసేసరికి మెట్ల మీద వాల్టర్ క్వెర్న్‌డేల్ కనిపించాడంటే ఆ రోజు నా పని అయిపోయినట్టే.

షికాగో దగ్గర షామ్‌బర్గ్‌ని ఆనుకుని ఉన్న చిన్న ఊళ్ళో పబ్లిక్ లైబ్రరీ మాది. నేను రిఫరెన్స్ డెస్క్‌లో కూర్చునేదాన్ని. ఎవరికి ఏ సమాచారం కావాలన్నా వెతికిపెట్టడం నా ఉద్యోగం. వాల్టర్ ఇన్సూరెన్స్ కంపెనీలో చేసి రిటైరయ్యాడు. గోల్ఫ్ ఆడడు, చేపలు పట్టడు. భార్య డొరతీ కాఫీ ఇచ్చి ఆయన్ని ఇంట్లోంచి తరిమేసేది. ఆయన తిన్నగా నా దగ్గరికి వచ్చేవాడు.

ఆయనకి కావలసింది ఒక్కటే. తన ఇంటిపేరు పుట్టుపూర్వోత్తరాలు.

"మిసెస్ కే, ఈ దేశం మొత్తం మీద మాది చాలా అరుదైన పేరు," అన్నాడు మొదటిసారి వచ్చినప్పుడు. మా ఇంటిపేరు కందిమళ్ళ అనడం చేతకాక నన్ను 'కే' చేసేశాడు. పోనీ నళిని అనమంటే నలీనీ అని సాగదీశాడు. దానికంటే కే నయమనిపించి ఊరుకున్నాను. "ఈ పేరున్న వాళ్ళమంతా ఫ్రాన్స్ నుంచి వచ్చి ఇంగ్లాండ్‌ని గెలిచిన ఒక నార్మన్ వీరుడి సంతానం. ఫ్రెంచ్‌లో 'కేర్' అంటే గుండె. గుండెధైర్యం గలవాళ్ళ లోయ అన్నమాట."

"ఈ సంగతి ఎక్కడ దొరికిందండీ?"

"మా తాత చెప్పాడు."

మనలో ఇంటిపేరు అంటే ముప్పాతికమందికి ఏదో ఒక ఊరి పేరే. నాకు అదే తోచింది. ముందు ఊరు వెతికితే పోలా అనుకుని, యూనివర్సిటీ లైబ్రరీ నుంచి ఉత్తర ఇంగ్లాండ్ పాత మ్యాపులు అరువు తెప్పించాను. భూతద్దం పెట్టి చూడగా చూడగా కొండల నడుమ చీమంత అక్షరాలతో దొరికింది, క్వెర్న్‌డేల్. నాలుగు ఇళ్ళు, ఒక రాతి క్వారీ. క్వెర్న్ అంటే పాత ఇంగ్లీషులో తిరగలి, డేల్ అంటే లోయ. తిరగలి రాళ్ళు కొట్టే లోయ. ఎంత సంబరపడ్డానో! వాల్టర్ రాగానే మ్యాపు పరిచి చూపించాను.

ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, కిందికి దింపి, మళ్ళీ నెట్టి చూశాడు.

"ఇది ఇంకో క్వెర్న్‌డేల్ అయ్యుంటుంది."

"ఉన్నది ఇదొక్కటేనండీ."

"అంటే మా వాళ్ళు తిరగళ్ళు చేసి అమ్ముకునేవాళ్ళంటారా?"

"జనం రొట్టె తినాలంటే ఎవరో ఒకరు చెయ్యాలి కదండీ."

వారం రోజులు మొహం చూపించలేదు. హమ్మయ్య అనుకున్నాను. తర్వాత గుడ్డ బానర్ ఒకటి చంకలో పెట్టుకుని వచ్చాడు. పోస్టులో డబ్బు పంపి చేయించుకున్నాడట. మధ్యలో ఎర్రటి గుండె, దాన్ని పట్టుకుని సింహం, కింద క్వెర్న్‌డేల్ అని బంగారు అక్షరాలు. పంతొమ్మిది వందల ఎనభై రెండు వేసవిలో దేశంలో ఉన్న క్వెర్న్‌డేల్‌లందరినీ పిలిచి పిక్నిక్ పెడతాడట. అందరి అడ్రసులూ నేను వెతికిపెట్టాలట.

ఆ చలికాలం అలా గడిచింది. దేశంలోని టెలిఫోన్ డైరెక్టరీలు కొన్ని మా అరల్లో ఉండేవి, మిగతావి మైక్రోఫిష్ అనే చిన్న ఫిల్మ్ అట్టల మీద. నేను పేర్లు చదవడం, ఆయన గోడ మీది అమెరికా మ్యాపులో గుండుసూదులు గుచ్చడం. ఆరెగన్‌లో ఒక సూది. ఇండియానాలో కాసిని, అవి ఆయన చిన్నాన్న పిల్లలవి. పెద్ద పెద్ద రాష్ట్రాలు ఖాళీ. అలబామాకి వచ్చేసరికి మాత్రం ఒకే ఒక్క జిల్లాలో సూదులు గుచ్చడానికి చోటు చాలలేదు. అక్కడ కాకపోతే షికాగో సౌత్‌సైడ్‌లో, గేరీలో, డిట్రాయిట్‌లో.

నాకు అర్థమైంది. పత్తి పండే జిల్లాలోంచి ఈ మూడు ఊళ్ళకీ ఎవరు వలస వచ్చారో ఈ దేశం వచ్చి పదేళ్ళయిన నాకే తెలుసు. ఇక్కడే పుట్టి అరవై ఏడేళ్ళు వచ్చిన మనిషికి తెలియదా?

సూచాయగా చెప్పి చూశాను. తెలియనట్టే ఉన్నాడు. పాత జనాభా లెక్కల మైక్రోఫిల్మ్ రీలు తెప్పించి, దాన్ని చూసే మెషీన్ ముందు కూర్చోబెట్టాను. "ఈ గడి చూడండి. ఈ జిల్లాలో క్వెర్న్‌డేల్ అన్న ప్రతి పేరు పక్కనా 'బి' అని రాసి ఉంది."

"బ్రిటిష్ అయ్యుంటుంది," అన్నాడు.

లేచి వెళ్ళి రెండు గ్లాసుల మంచినీళ్ళు తాగి వచ్చాను. "మిస్టర్ క్వెర్న్‌డేల్, అది జాతి గడి. బి అంటే బ్లాక్," అని నెమ్మదిగా చెప్పాను. ఆయన అప్పటికే రీలు తిప్పేశాడు. "మా ముత్తాత అన్నగారు ఒకాయన అలబామా వెళ్ళాడు. ఆయన వంశం ఎంత వృద్ధిలోకి వచ్చిందో చూశారా!"

"ఆయనకి పత్తి చేలుండేవా?"

"బ్రహ్మాండమైన చేలు."

"మరి ఆ చేలల్లో పని ఎవరు చేసేవాళ్ళు?"

ఆయన వాచీ చూసుకుని, డొరతీ భోజనానికి ఎదురు చూస్తుంటుందని కోటు తీసుకున్నాడు.

ఇంటికొచ్చి మా ఆయన జగన్మోహన్ మీద విసుక్కున్నాను.

"నీకెందుకు నళినీ? అడిగిన అడ్రసులిచ్చి వదిలెయ్. అంతకుమించి మనకెందుకు?" అన్నారు ఆయన టీవీ మీంచి చూపు తిప్పకుండా.

"మొన్న తెలుగు అసోసియేషన్ మీటింగులో కందిమళ్ళ డాక్టరు గారొకాయన తగిలితే, ఏ ఊరు, ఎవరి తాలూకు అని గంటసేపు ఆయన ప్రాణం తియ్యలేదూ మీరు? చివరికి వాళ్ళకీ మనకీ ఏ చుట్టరికం లేదని తేలాక మీ మొహం చూడాల్సింది."

"అది వేరు."

"ఏం వేరు?"

"వార్తలు విననిస్తావా?"

ఎవరితో చెప్పుకోవాలి? వాల్టర్ 'ప్రియమైన బంధువుకి' అని మొదలుపెట్టి ఉత్తరం రాశాడు. డొరతీ టైప్ చేసి కాపీలు తీసింది. అలబామా నుంచి జవాబులు వెల్లువలా వచ్చాయి. వస్తున్నామని, బస్సు మాట్లాడుకున్నామని, చిలగడదుంపల తీపి 'పై' తెస్తామని. ఒక్కొక్క జవాబూ నాకు చదివి వినిపించాడు. వినిపించినప్పుడల్లా, వాళ్ళు నల్లవాళ్ళండీ అని నేను చెప్పాను. ఒకసారి డొరతీకి ఫోన్ చేసి కూడా చెప్పాను. "నేను నెలరోజుల కిందటే గ్రహించాను హనీ. ఆయనకి చెప్పి చూశాను. వినేది పెళ్ళయిన కొత్తలోనే మానేశాడు," అంది.

జులైలో ఒక శనివారం. ఊరి బయట అడవిలో పిక్నిక్ షెడ్. నేనూ రావాల్సిందేనని డొరతీ పట్టుబడితే, పులిహోర కలుపుకుని ఒక్కదాన్నీ డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాను. షెడ్ ముందు రెండు స్తంభాలకి బానర్ కట్టారు. ఇండియానా దాయాదులు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ఇంతలో రెండు చర్చి బస్సులు, వాటి వెనక వరసగా కార్లు వచ్చి ఆగాయి. టోపీలు పెట్టుకున్న ముసలమ్మలు, చొక్కాలు ఇస్త్రీ చేసుకున్న మగవాళ్ళు, పసిపిల్లలు. అందరూ నల్లవాళ్ళే.

వాల్టర్ చిరునవ్వుతో ఎదురెళ్ళాడు. "మీరు పొరపాటున ఈ షెడ్‌కి వచ్చినట్టున్నారు. చర్చి పిక్నిక్‌లు అటువైపు."

ముందు దిగినాయన పొడుగ్గా, సన్నగా ఉన్నాడు. వయసు డెబ్బై ఉంటుంది. "ఏమోస్ క్వెర్న్‌డేల్. షికాగోలో పోస్ట్‌మన్‌గా చేశాను. ఉత్తరం మీద అడ్రసు తప్పు చదివే అలవాటు నాకు లేదు," అన్నాడు. జేబులోంచి కాగితం తీశాడు. "ప్రియమైన బంధువు అని రాసింది మీరేగా?"

వాల్టర్ ఆ కాగితం చూశాడు, బస్సుల వైపు చూశాడు. ఆ తర్వాత, దేవుడా, నా వైపు చూశాడు.

"మిసెస్ కే! ఈ సంగతి నాకు మీరు చెప్పలేదు!"

అంతే. నాకు ఎక్కడ లేని కోపమూ వచ్చింది. "చెప్పలేదా? మ్యాపులో సూదులు గుచ్చుతున్నప్పుడు చెప్పాను. మైక్రోఫిల్మ్ చూపించి చెప్పాను. మీరు బ్రిటిష్ అన్నారు! ఉత్తరాలు చదివి వినిపించినప్పుడల్లా చెప్పాను. ఇంకెలా చెప్పమంటారు, తెలుగులో చెప్పమంటారా?" నా గొంతు నాకే వినిపించి ఆగిపోయాను. వందమంది నన్నే చూస్తున్నారు. బస్సు మెట్ల మీది ముసలమ్మ ఒకావిడ చేతిరుమాలు అడ్డం పెట్టుకుని నవ్వింది.

వాల్టర్ తిన్నగా వెళ్ళి తన కారెక్కి అద్దాలు ఎత్తేసుకున్నాడు. ఆ ఎండలో! ఇండియానా దాయాదుల్లో కొందరు కుర్చీలు మడిచి, తినకుండానే వెళ్ళిపోయారు. డొరతీ వాళ్ళని ఆపలేదు. వచ్చినవాళ్ళ చేతుల్లోంచి గిన్నెలు అందుకుని బల్లల మీద సర్దుతోంది. నవ్విన ముసలమ్మ ఏమోస్‌కి అక్కగారు. ఆవిడ మాత్రం బానర్ కింద కూర్చుని తిననంది. "ఆ తెల్లాయన ఇంటి సింహం నీడన నా నోట్లోకి ముద్ద పోదు," అంది శాంతంగా. డొరతీ కత్తెర తెచ్చి తాళ్ళు కత్తిరించేసింది. బానర్ నేల మీద పడింది.

ఏమోస్ దాన్ని తీసి పరీక్షగా చూశాడు. "ఈ గుండె ఏమిటి?" అని నన్నడిగాడు. నార్మన్ వీరుడి కథ చెప్పాను. తిరగలి కథ కూడా చెప్పాను.

"రెండూ తప్పే," అన్నాడు. "క్వెర్న్ అనేది ఒక పడవ పేరు. మా మేనమామ చెప్పాడు."

ఇంకొకడు! నేను పులిహోర గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఏమోస్ బానర్ చుట్టుకుని తిన్నగా కారు దగ్గరికి వెళ్ళి అద్దం మీద టకటకా కొట్టాడు. ఆ ఎండకి వాల్టర్‌కేమైనా అవుతుందేమోనని నేనూ మంచినీళ్ళు పట్టుకుని వెనకాలే వెళ్ళాను.

"ఈ గుండె సంగతి తప్పు," అన్నాడు ఏమోస్ అద్దం ఇవతలి నుంచే. "అది పడవ."

వాల్టర్ కదల్లేదు. ముక్కు మీంచి చెమట కారుతోంది. కాసేపటికి ఆయన వల్ల కాలేదు. అద్దం దించాడు. "పడవ కానే కాదు. ఫ్రెంచ్ పదం."

ఇద్దరూ పావుగంట వాదించుకున్నారు. ఒకరి మాట ఒకరు వినలేదు. చివరికి వాల్టరే మొండిగా అన్నాడు, "అసలు మీకు ఈ పేరు మీద అంత పట్టింపు దేనికి? ఇది మా వాళ్ళు మీకు..."

"అంటగట్టిన పేరు. అంతే కదా?" అన్నాడు ఏమోస్. గొంతు మారలేదు. "మా నాయనమ్మ హానా. ఆవిడ పిల్లలిద్దరినీ, మీరు ఉత్తరంలో రాసిన ఆ ముత్తాత అన్నగారే అమ్మేశాడు. ఒక మగపిల్లాడు, ఒక ఆడపిల్ల. తర్వాత బానిసలందరికీ స్వేచ్ఛ వచ్చింది. తోటివాళ్ళంతా ఆ పాడు పేరు వదిలి నచ్చిన పేర్లు పెట్టుకున్నారు. ఆవిడని కూడా మార్చుకోమన్నారు. మారిస్తే నా పిల్లలు నన్ను ఏమని అడుగుతూ వస్తారు అంది. క్వెర్న్‌డేల్ హానా ఎక్కడుంటుందని అడుగుతూ మా పెదనాన్న నిజంగానే వచ్చాడు, పక్క రాష్ట్రం నుంచి నడుచుకుంటూ. స్మిత్ హానా అయ్యుంటే దొరికేదా? ఆవిడ పోయేనాటికి నాకు పదేళ్ళు. ఎవరైనా ఈ పేరు పెట్టి పిలిస్తే వెళ్ళి చూడండిరా అని మా అందరికీ చెప్పి పోయింది. అందుకే వచ్చాం. మీ సింహాన్ని చూడ్డానికి కాదు."

వాల్టర్ స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. నేనిచ్చిన నీళ్ళు తాగలేదు. షెడ్‌లో ఏమోస్ అక్కగారు బల్లబల్లకీ తిరుగుతూ, గేరీ నుంచి, డిట్రాయిట్ నుంచి వచ్చిన తెలియని మొహాలన్నిటినీ, "ఎవరి తాలూకు అమ్మా మీరు?" అని అడుగుతోంది. మా ఆయన అలా అడిగినప్పుడు నాకు ఒళ్ళు మండింది. ఇప్పుడు ఆవిడ అడుగుతుంటే, ఎవరేం చెబుతారో అని నేనూ చెవులు రిక్కించాను.

"ఆ ఆడపిల్ల?" అన్నాడు వాల్టర్.

"రోజెట్టా. రాలేదు."

"ఏ సంవత్సరంలో అమ్మారు? ఎవరికి? ఏ జిల్లా?" ఇన్సూరెన్స్ క్లెయిమ్ విచారిస్తున్నట్టు అడిగాడు. క్షమించమని అడగలేదు. సిగ్గుపడుతున్నానని కూడా అనలేదు. ఏమోస్ చెబుతుంటే మాత్రం కారు ముందు సొరుగులో పెన్సిల్ కోసం తడుముకున్నాడు. తర్వాత దిగివచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా బల్ల చివర కూర్చుని, ఆ చిలగడదుంపల 'పై'లోంచి రెండు ముక్కలు తిన్నాడు.

ఇక ఆయన పీడ వదిలిందనే అనుకున్నాను. ఎక్కడ! సోమవారం లైబ్రరీ తాళం తీస్తే మెట్ల మీద ఇద్దరున్నారు.

అప్పటినుంచి వారం వారం ఇదే వరస. ఏమోస్ సౌత్‌సైడ్ నుంచి ట్రైన్‌లో వస్తాడు, వాల్టర్ స్టేషన్‌కి వెళ్ళి ఎక్కించుకొస్తాడు. అక్టోబర్‌లో ఇద్దరూ వాల్టర్ కారులో అలబామా వెళ్ళొచ్చారు. దారిలో ప్రతి పెట్రోల్ బంకు దగ్గరా దెబ్బలాడుకున్నారని ఎవరికి వారు నాకు విడివిడిగా చెప్పారు. అక్కడ కోర్టు పాత దస్త్రాల్లో అమ్మిన మనిషి పేరు దొరికింది గాని, కొన్న మనిషి పేరు సిరా అలికిపోయి ఉందట. అందుకని ఇప్పుడు పక్క రాష్ట్రం మిసిసిపీ జనాభా లెక్కలు మొత్తం వెతుకుతారట. పెళ్ళయితే ఆడపిల్ల ఇంటిపేరు మారుతుంది కదండీ, మీరు వెతుకుతున్న పేరుతో ఆవిడ దొరకదు కదండీ అని నెత్తీ నోరూ బాదుకున్నాను. వింటేగా! ఇప్పుడు వినని వాళ్ళు ఇద్దరు. పడవ అని ఒకరు, గుండె అని ఒకరు. తిరగలి అన్న నన్ను ఇద్దరూ కలిసి తీసిపారేశారు.

ఇంకో మైక్రోఫిల్మ్ మెషీన్ కొనమని మా డైరెక్టర్ని అడిగాను. బడ్జెట్ లేదన్నాడు. ఉన్న ఒక్కదాని ముందు ఇద్దరూ రెండు కుర్చీలు ఇరికించుకుని, భుజాలు రాసుకుంటూ, మోకాళ్ళు తగులుతుంటే తిట్టుకుంటూ కూర్చుంటారు.

"తిప్పకు. ఆగు. వెనక్కి పో."

"అది రోజాన్నా. రోజెట్టా కాదు."

"నీ కళ్ళజోడు తుడుచుకో ముందు."

"నిశ్శబ్దం," అన్నాను డెస్క్ మీంచి.

"ఒక్క నిమిషం, మిసెస్ కే," అన్నారు ఇద్దరూ, నా వైపు తిరగకుండానే.