ఎవరూ ఇవ్వని హుకుం

లచ్చయ్య డప్పు కొడితే సర్కారు మాట్లాడినట్టే. మల్కకుంటలో పుట్టిన ఎవరినడిగినా ఇదే చెబుతారు. శిస్తు కట్టమన్నా, పిల్లల్ని టీకాలకు తెమ్మన్నా, మంత్రి వస్తున్నాడు దారి ఊడ్వమన్నా ఆ డప్పే మోగాలి. తాత కొట్టాడు, తండ్రి కొట్టాడు, అతనూ కొట్టాడు. ఆ పని చేసేవాణ్ణి మస్కూరి అంటారు. పేరు ఏం పెట్టినా చేసేది ఊరి వెట్టి. అందులో ఒక్కటే కట్టుబాటు: ఎవరు చెప్పమన్నారని అడగకూడదు. పటేల్ గడపలోంచి మాట వచ్చిందంటే అది సర్కారు మాట.

పటేల్ పట్వారీలను తీసేసి రెండేళ్లు దాటింది. తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. గడప మాత్రం ఎక్కడికీ పోలేదు. గురువారం పొద్దున పాత పటేల్ కొడుకు జనార్ధన్ ఆ గడప మీద నిలబడి, "లచ్చిగా, బంచరాయి గుడిసెలోల్లకు చాటింపెయ్యి. ఆదివారం లోపట ఖాళీ చెయ్యాలె. లేకుంటే కూలగొట్టే మిషిన్ ఒస్తది" అన్నాడు.

లచ్చయ్య అడగలేదు. డప్పు మంట మీద కాపుకుని, మెడలో వేసుకుని పోయాడు.

బంచరాయి అంటే ఊరి పశువులు మేసే సర్కారు జాగ. పశువులు ఎప్పుడో పోయాయి. నల్లగొండ పల్లెల నుంచి కరువు తరిమితే వచ్చినవాళ్లు అక్కడ గుడిసెలేసుకున్నారు. పొద్దున్నే దిల్‌సుఖ్‌నగర్ అడ్డా మీద నిలబడి కూలి దొరికితే పోవడం, దొరక్కపోతే తిరిగి రావడం. ఆ గుడిసెల్లో ఒకటి లచ్చయ్య సొంత చెల్లెలు సోమమ్మది. ఆమె మొగుడు మట్టయ్య వాళ్ళ ఊరి బాయిలోని ఫ్లోరైడు నీళ్లు తాగి తాగి కొయ్యబారిపోయాడు. నడుం వంగదు, మెడ తిరగదు, మోకాళ్లు ముడుచుకోవు. మంచం మీద వాసంలా పడి ఉంటాడు. వాళ్ళను తీసుకొచ్చి అక్కడ దించింది లచ్చయ్యే. "సర్కారు జాగ చెల్లే. నిన్ను లేపెటోడు పుట్టలే" అని గుంజలు తన చేత్తో పాతాడు.

ఆ గుంజల ముందే నిలబడి ఇప్పుడు చాటింపు వేశాడు. "అందరికి ఎరుక చేసేదేందంటే..."

డప్పు ఆగేసరికి గుడిసెల తడికలు తెరుచుకున్నాయి. సోమమ్మ బయటికొచ్చింది. చేతులకు పిండి.

"అన్నా, ఆ నోరు నీదేనా?"

"నాదేంది చెల్లే? సర్కారు చెప్పమన్నది, చెప్పిన."

"సర్కారంటే ఎవరు?"

"జనార్ధన్ దొర చెప్పిండు."

"జనార్ధన్ సర్కారు ఎప్పుడైండే?"

లచ్చయ్య డప్పు మెడలోంచి తీశాడు. ఇన్నేళ్లలో ఆ ప్రశ్న అతనికి తోచలేదు, ఎవరూ వేయలేదు.

పక్క గుడిసె ఐలమ్మ అప్పటికే తన కప్పు మీది తాటాకులు పీకుతోంది. నల్లగొండ వాళ్లకు ఇది బాగా తెలిసిన పని. చాటింపు పడిందంటే వాదించరు. తమ చేత్తో విప్పుకుంటే గుంజలూ తాటాకులూ దక్కుతాయి, సర్కారు వచ్చి కూలిస్తే అవీ దక్కవు. అందుకే ముందుగా తమ ఇల్లు తామే కూల్చుకుంటారు. అంత బుద్ధిమంతులు! ఆ బుద్ధిని నమ్ముకునే జనార్ధన్ డప్పు కొట్టించాడు.

"చెల్లే, నువ్వు ఇప్పకు. నేను అడిగి అరుసుకొని ఒస్తా" అని లచ్చయ్య పరుగు తీశాడు.

ఎల్బీ నగర్ చౌరస్తా దగ్గర రేకుల షెడ్డులో జనార్ధన్ ప్లాట్ల ఆఫీసు. గోడకు రంగుల నక్ష, అందులో బంచరాయి ఉన్నచోట ఆకుపచ్చ పార్కు. పక్క కుర్చీలో, బంచరాయిని ఆనుకుని లేచిన కల్పవృక్ష కాలనీ సంఘం ప్రెసిడెంట్ సత్యనారాయణ, గుంటూరు వైపు నుంచి వచ్చి ఇల్లు కట్టుకున్న పెద్దమనిషి.

"దొరా, ఆ హుకుం ఎవరిచ్చిండ్రు?"

జనార్ధన్ నవ్వాడు. "అరె, లచ్చిగానికి కొమ్ములొచ్చినయ్! ఎవరిస్తే ఏందిరా? కొట్టినవ్ గదా. అయిపాయె."

"సర్కారు ఇచ్చిందా?"

సత్యనారాయణ చేత్తో ఆగమన్నాడు. "చూడవయ్యా, నేను చెప్తాను విను. ఈ గవర్నమెంటు మాకేం చేసింది? రోడ్డు మేమే వేసుకున్నాం. కరెంటు స్తంభాలు మేమే పాతించాం. నీళ్లకి బోరు మాది, రాత్రిళ్లు కాపలావాడు మావాడు. దరఖాస్తులు పెట్టి పెట్టి విసిగిపోయాం. ఇప్పుడు పార్కు కావాలంటే ఎవర్ని అడగాలి? మేమే గవర్నమెంటు అనుకో. తప్పేముంది?"

"మరి గుడిసెలోల్లు ఏడికి పోవాలె సారూ?"

"అది గవర్నమెంటు చూసుకోవాలి."

ఆ మాట అంటూ ఆయన కనురెప్ప కూడా వేయలేదు. జాగ తీసుకునేటప్పుడు తామే గవర్నమెంటు. జనం ఏమవుతారంటే అది వేరే గవర్నమెంటు పని!

"జనార్ధన్ దొరా, నా చెల్లె ఉన్నది ఆడ. బావ మంచం మీద ఉన్నడు."

"మంచం ఉన్నది గదా. ఎత్తుకపో." జనార్ధన్ నక్ష వైపు తిరిగాడు. "నీకు గేటు కాడ వాచ్‌మన్ పని ఇప్పిస్త. పటేల్‌గిరీ పాయె, నీ మస్కూరి గూడ ఎన్నడో ఒకనాడు పోతది. ఆలోచన చెయ్యి."

శుక్రవారం లచ్చయ్య మండలాఫీసుకు పోయాడు. గోడల సున్నం ఇంకా ఆరని ఆఫీసు. బల్లలు వచ్చాయి, కుర్చీలు రాలేదు. ఆఫీసరు నిలబడే విన్నాడు.

"మేమైతే ఆర్డర్ ఇయ్యలే" అన్నాడు.

లచ్చయ్యకు ప్రాణం లేచొచ్చింది. "అట్లయితే రద్దు చెయ్యిండ్రి సారూ!"

"ఇయ్యని ఆర్డర్ ఎట్ల రద్దు చేస్తం?"

"ఇయ్యలేదని ఒచ్చి గా మాట చెప్పుండ్రి. జర ఆదివారం లోపట."

"అట్ల ఊరూరు తిరిగి మేం ఏమేం ఇయ్యలేదో చెప్పుకుంట పోతే నౌకరీ ఎప్పుడు చెయ్యాలె? అయినా ఆ జాగ మున్సిపాలిటీల కలుస్తదని అంటున్నరు. వాళ్లనడుగు."

మున్సిపాలిటీకి పోతే ఇంకా కలవలేదన్నారు, పంచాయతీని అడగమన్నారు. పంచాయతీ గదికి తాళం. సర్పంచు అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర భూమి రిజిస్ట్రేషన్‌కు పోయాడు. ఠాణాలో జమేదారు చాయ్ తాగుతూ, "ఇంకా ఏం కాలేదు గదా? అయినంక రా" అన్నాడు.

అయినంక రా! ఈ ఐదు అక్షరాల కోసమేనా ఠాణా, జీపు, నెత్తిన టోపీ? పన్ను వసూలుకు ఇదే సర్కారు గుడిసె గుమ్మం దాకా వచ్చింది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించుకోండని మగవాళ్ల రెక్క పట్టుకుని లారీ ఎక్కించింది. అప్పుడు దానికి కళ్ళూ చేతులూ కాళ్ళూ అన్నీ ఉన్నాయి. ఇప్పుడు ఒక్క ‘కాదు’ అనడానికి నోరు లేదు.

శనివారం సాయంత్రానికి లచ్చయ్య బంచరాయికి చేరాడు. సగం గుడిసెలు లేవు. పొయ్యిరాళ్లు, బూడిద, నేలలో గుంజలు పీకిన గుంతలు. మిగిలినవాళ్లు మూటలు కడుతున్నారు. అతను డప్పు కాపకుండానే కొట్టాడు. అది దబదబమని నీరసంగా మోగింది.

"ఇనుండ్రి! మొన్నటి చాటింపు అబద్ధం! సర్కారు హుకుం ఇయ్యలే! ఎవ్వరు కదలొద్దు!"

ఐలమ్మ తాటాకుల కట్ట మీద కూర్చుని గట్టిగా నవ్వింది. "ఓ లచ్చన్నా, మొన్న పొమ్మన్నది సర్కారే, ఇయ్యాల ఉండుమన్నది సర్కారే. రేపు పొద్దుగాల ఏమంటదో గది గూడ ఇప్పుడే చెప్పరాదు? మల్ల మల్ల ఇప్పుకునుడు మాతోని కాదు."

"నేను ఆఫీసుకు పోయొచ్చిన అక్కా. సారు తన నోటితోని చెప్పిండు."

"సారు ఏడి మరి? తోల్కరాకపోతివి?"

పొమ్మన్నప్పుడు సారు ఎక్కడని ఎవరూ అడగలేదు. ఉండమంటే అడుగుతున్నారు. తప్పు వాళ్లది కాదు. ఉండమని ఏ డప్పూ వాళ్లకు ఏనాడూ చెప్పలేదు. కాసేపటికి ఐలమ్మ కట్ట నెత్తికెత్తుకుని చంపాపేట్ వైపు నడిచింది. వెనకే మిగతావాళ్లు.

సోమమ్మ ఒక్కతే ఉండిపోయింది. "నా అన్న చెప్పిండు" అని గుడిసె ముందు కూర్చుంది. ఆ నమ్మకాన్ని చూస్తే లచ్చయ్యకు భయం పుట్టింది.

ఆదివారం పొద్దెక్కాక మిషిన్ వచ్చింది. దాని వెనక జనార్ధన్, సత్యనారాయణ, ఇనుప తీగల చుట్టలతో కూలోళ్లు. వాళ్ల వెనక పోలీసు జీపు. జీపును చూడగానే లచ్చయ్య ముఖం వెలిగింది. ఎదురు పరుగెత్తి జవాను కాళ్ల మీద పడ్డాడు.

"ఒచ్చిండ్రా సారూ! సర్కారు ఒచ్చింది! ఆపుండ్రి, ఆ మిషిన్ను ఆపుండ్రి!"

జవాను కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. "మేం ఆపనీకి రాలే. లొల్లి కాకుండ చూడనీకి ఒచ్చినం."

"సర్కారు జాగ సారూ!"

"అయితే నీకేం నొప్పి? నీ జాగనా?"

మిషిన్ ముందుకు కదిలింది. సోమమ్మ దాని ముందు నిలబడి మన్ను ఎత్తి పోసింది, ముందు తిట్టింది, తర్వాత మొక్కింది. ఇద్దరు కూలోళ్లు ఆమెను రెక్కలు పట్టి పక్కకు లాగారు. వాళ్లూ నల్లగొండ వాళ్లే, అదే అడ్డా మీద నిలబడేవాళ్లే. లోపలి నుంచి మట్టయ్య అరుస్తున్నాడు: "నన్ను తియ్యుండ్రి! నేను లెవ్వలేను! నన్ను తియ్యుండ్రి!"

లచ్చయ్య లోపలికి దూకి మంచం ఒక కొసన పట్టాడు. సోమమ్మ విదిలించుకుని వచ్చి రెండో కొస పట్టింది. వాళ్లు బయటపడ్డారు. వెనక కప్పు కూలింది. వంటపాత్రలు మిషిన్ కింద నలిగిన చప్పుడు వచ్చింది. ఎవరూ వెనక్కి చూడలేదు.

మంచం మోసుకుంటూ నడిచారు. చింత నీడ ఉందని ఒకచోట దించబోతే గేటు దగ్గరి మనిషి వచ్చాడు. "ఈడ దించొద్దు. కాలనీ జాగ." ఖాళీ ప్లాటు కనబడితే రాళ్ల మీద పేర్లు రాసి ఉన్నాయి. ఎక్కడినుంచో ఒకతను కేకేశాడు: "ఓయ్, నడువు, నడువు!" బడి అరుగు మీద దించుదామంటే ఆ బడీ ఎవరిదో అయింది, కొత్త బోర్డు, తాళం. లచ్చయ్య భుజాలు పీకుతున్నాయి. మట్టయ్య ఆకాశం కేసి చూస్తూ, "బావా, నన్ను ఏడనన్న పారెయ్యుండ్రి. ఆమెనన్న బతకనియ్యి" అన్నాడు.

"నోరు ముయ్యి" అంది సోమమ్మ.

ఎండ నడినెత్తికొచ్చేసరికి విజయవాడ రోడ్డు మీదికొచ్చారు. అక్కడ గేటు లేదు, పేర్ల రాళ్లు లేవు, వెళ్లగొట్టే మనిషి లేడు. తారు అంచున ఉన్న మట్టిలో మంచం దించారు. లారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది. మంచం ఊగింది. మట్టయ్య కళ్లు గట్టిగా మూసుకున్నాడు, ముఖం తిప్పుకుందామంటే మెడ తిరగదు.

సోమమ్మ కొంగుతో అతని ముఖం తుడిచి, తల ఎత్తకుండానే అడిగింది. "ఇది ఎవరి జాగ అన్నా?"

సర్కారుది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. లచ్చయ్య దాన్ని మింగేశాడు.

దిల్‌సుఖ్‌నగర్ వైపు నుంచి ఇంకో లారీ వస్తోంది. లచ్చయ్య మంచానికీ తారుకీ మధ్య నిలబడి రెండు చేతులూ చాపాడు.