పెన్నూబ్ పేరు పక్కన తెడ్డు

పెన్నూబ్ జ్వరంతో మంచం పట్టి పన్నెండు రోజులైంది. వైద్యుడు ఉల్లిపాయ నూరి తేనెలో కలిపి పోశాడు, మంత్రం చదివాడు, రెండూ పని చెయ్యలేదు. ఇక అతని భార్య వెబ్‌ఖెత్‌కి మిగిలింది కొండమీది తల్లి మెరెత్సెగెర్ ఒక్కతే. మొగుడి పేరు చెక్కించిన రాయి ఒకటి ఆ తల్లి గుడిలో నిలబెడతానని మొక్కుకుంది. చెక్కే పని నఖ్తమిన్‌కి అప్పగించింది.

నఖ్తమిన్ సమాధుల గోడల మీద అక్షరాలు రాసే మనిషి. ఇరవై ఏళ్లుగా అదే పని. పెన్నూబ్ ముందుగా కొండ తొలిచి గది చేస్తే, వెనకాలే వెళ్లి ఇతను గోడలు నింపేవాడు. ఇద్దరిదీ ఒకే ముఠా, రాళ్ల మీద ఇద్దరి బిరుదూ సత్యస్థానపు సేవకుడే, తాగేది ఒకే కుండలో నీళ్లు. అందుకే మిగతా పనులన్నీ పక్కన పెట్టి మూడు రోజుల్లో రాయి ముగించాడు.

నాలుగో రోజు పొద్దున్నే వెబ్‌ఖెత్ వచ్చింది. వస్తూ రొట్టెలూ, కుండలో బీరూ తెచ్చింది.

"ఒకసారి పైకి చదువన్నా. చదవని రాయి మూగదంటారు."

నఖ్తమిన్ అక్షరాల మీద వేలు పెట్టి చదవసాగాడు. "కొండమీది తల్లికి దండం. సత్యస్థానపు సేవకుడు పెన్నూబ్..." అక్కడ వేలు ఆగిపోయింది. పేరు తర్వాత ఇంకో మాట చెక్కి ఉంది. మాఖెరూ. ఆ ఊళ్లో అది పోయినవాళ్ల పేర్లకి తగిలించే మాట. ఇరవై ఏళ్ల అలవాటు కొద్దీ చెయ్యి తనంతట తానే చెక్కేసింది. ఎర్ర సిరాతో గీసుకున్నప్పుడు చూసుకోలేదు, ఉలి పట్టినప్పుడూ చూసుకోలేదు. ఆ మాట దాటేసి తరవాతి వరుస చదివాడు.

"ఆగన్నా. వేలు అక్కడ నిలబడింది, నీ నోరు మాత్రం ముందుకి పోయింది. ఏమిటది?"

"ఏం లేదమ్మా. అలంకారం."

"అలంకారమా! మా నాన్న సమాధిలో ఆయన పేరు పక్కన ఇదే తెడ్డు బొమ్మ ఉంది. నాకు చదవడం రాకపోతే రాకపోయె, కళ్లున్నాయిగా." ఆమె గొంతు పెరగలేదు. "చంపేశావు కదన్నా. పదిహేను రోజుల నుంచి జ్వరం చెయ్యలేకపోయిన పని నీ ఉలి చేసింది."

నఖ్తమిన్ తనకి తెలిసిందంతా చెప్పాడు. "అది రెండు మాటలమ్మా. మా అంటే నిజం, ఖెరూ అంటే గొంతు. ఆ తెడ్డు గొంతుకి గుర్తు. గొంతు నిజమైనవాడు అని. పై లోకంలో గుండె తూచాక ఇచ్చే తీర్పు. ఆడవాళ్లకైతే మొదటి మాట వెనక చిన్న రొట్టె గుర్తు చేరుస్తాం, అంతే తేడా. పెద్ద పెద్దవాళ్లు బతికుండగానే తమ సమాధిలో రాయించుకుంటారు. అది గౌరవమమ్మా, చావు కాదు."

"మా ఆయనకి సమాధి ఏదీ? ఊరందరికీ తొలిచాడు, తనది సగంలోనే ఉంది. చెరిపెయ్."

"పేరు పక్కన చెరపకూడదు. ద్రోహుల పేర్లకి చేసే పని అది."

"అయితే కొత్త రాయి చెక్కు."

"మూడు రోజులు పడుతుంది. పైగా దీన్నేం చెయ్యను? ఆయన పేరున్న రాయి పగలగొట్టనా?"

వెబ్‌ఖెత్ రాయికేసి చూస్తూ నిలబడింది. మూడు రోజులు ఆగే ధైర్యం ఆమెకి లేదు. ఇవాళ నిలబెడతానని తల్లికి మాటిచ్చింది కూడా.

"గౌరవమే అంటావు."

"అవును."

"అడుగున ఆ వరుస నీ పేరేనా?"

"అవును. గీసినవాడు నఖ్తమిన్ అని."

"పక్కన బెత్తెడు జాగా ఉంది. ఆ గౌరవమేదో నువ్వూ పెట్టుకో. నా మొగుడొక్కడికే ఎందుకు?"

నఖ్తమిన్ ఆ జాగాకేసి చూశాడు. ఎన్ని వందల పేర్ల పక్కన ఆ మాట రాశాడో లెక్కలేదు. తన పేరు పక్కన ఎప్పుడూ రాసుకోలేదు. కాదంటే ఆమె బలవంతం చెయ్యదు, ఉన్న రాయే ఎత్తుకుపోతుంది. కానీ ఇప్పుడు చెప్పిందంతా అబద్ధమని ఒప్పుకున్నట్టవుతుంది, అదీ పెన్నూబ్ పెళ్లాం ఎదుట. ఉలి తీశాడు.

పెన్నూబ్ పేరు పక్కన చూడకుండా సాగిపోయిన చెయ్యి ఇప్పుడు గీతకో చోట ఆగింది.

"తెడ్డు వంకర పోతోంది," అంది వెబ్‌ఖెత్.

"పోనీ."

"మా ఆయనది మాత్రం చక్కగా చెక్కావు."

నఖ్తమిన్ తెడ్డు పూర్తి చేశాడు. చెక్కడం అయ్యాక ఊది దుమ్ము తుడిచాడు. ఆమె చుట్టకుదురు పెట్టుకుని రాయి నెత్తికెత్తుకుంది. మధ్యాహ్నానికల్లా గుడిలో నిలబెట్టింది.

పదహారో రోజున జ్వరం దిగింది. వైద్యుడు తన తేనె వల్లే అన్నాడు. వెబ్‌ఖెత్ తల్లి దయ అంది. నెల తిరిగాక పెన్నూబ్ కర్ర పట్టుకుని పనిలోకి వచ్చాడు. మనిషి సగమయ్యాడు. వచ్చీరాగానే కుండ దగ్గర కూర్చుని నీళ్లు తాగాడు.

"ఏరా, నా పేరు పక్కన ఏదో పెట్టావట?"

"పెట్టాను."

"గౌరవమని చెప్పావట మా ఆవిడకి."

"కాదురా. చచ్చినవాళ్లకి రాసేది. పొరపాటున రాశాను."

పెన్నూబ్ ముంత దించాడు. "మరి నీ పేరు పక్కన?"

"అది తెలిసే రాశాను," అన్నాడు నఖ్తమిన్.

పెన్నూబ్ కుండకేసి వంగాడు. ముంత మళ్లీ నింపి అతని చేతికిచ్చాడు.