నూట ఇరవై ఆరు పౌండ్లు

తొమ్మిదింబావుకి కర్ట్ లోకెన్ బరువు నూట ఇరవై ఎనిమిది పౌండ్లు. పదింటికి రిఫరీ ముందు కాటా ఎక్కేసరికి నూట ఇరవై ఆరు ఉండాలి. నిన్న పొద్దుటి నుంచి వాడి గొంతులో చుక్క నీరు దిగలేదు. రెండు రోజుల్లో తిన్నది సగం నారింజపండు.

కాలేజీ జిమ్ అడుగున స్నానాల గదిలో ఎనిమిది వేడినీళ్ళ కుళాయిలూ తిప్పి వదిలేశారు. ఆవిరి కమ్మేసి గోడలు కనబడటం లేదు. మధ్యలో కదలని సైకిలు, దాని మీద మెడ నుంచి మడమల దాకా రబ్బరు సూటు తొడుక్కుని కర్ట్. బయట ఫిబ్రవరి మంచు మోకాలి లోతున పడి ఉంది.

"తొక్కు, తొక్కు. కాళ్ళకేం పక్షవాతం రాలేదుగా" అంటున్నాడు కోచ్ వర్నన్ హ్రూస్కా.

మా అయోవా పల్లెల్లో కుస్తీ ఆట కాదు, పరువు. ఇరవై మూడేళ్ళ కిందట హ్రూస్కా ఈ చిన్న కాలేజీకి వచ్చేనాటికి మా జట్టుని చూసి పక్క ఊళ్ళవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. ఇప్పుడు అద్దాల బీరువాలో పదకొండు కప్పులున్నాయి. ఆయన రహస్యం పెద్దదేమీ కాదు. ప్రతి కుర్రాణ్ణీ ఎండగట్టి, వాడి అసలు బరువుకి తగిన తరగతి నుంచి రెండు మెట్లు కిందికి దించుతాడు. బలమైనవాణ్ణి తీసుకెళ్ళి తనకన్నా చిన్నవాళ్ళ మధ్య నిలబెడితే గెలవక ఛస్తాడా? దానికి మేం క్రమశిక్షణ అని పేరు పెట్టాం. మంగలి షాపులో కూర్చుని నేనూ ఆ మాటే అన్నాను, సిగ్గు లేకుండా.

కర్ట్ అసలు బరువు నూట నలభై ఎనిమిది. పోయినేడు నూట ముప్పై నాలుగులో గెలిచాడు. ఈ ఏడు ఆ మెట్టులో పొరుగు కాలేజీకి ఒక గండరగండడు దొరికాడు. అందుకని హ్రూస్కా వీణ్ణి ఇంకో మెట్టు దించాడు. కుదరదు అంటే కాలేజీ ఫీజు మాఫీ పోతుంది. వాళ్ళమ్మ నోర్మాకి పందుల కబేళాలో గంటకి ఏడు డాలర్ల కూలి. ఫీజు కట్టి చదివించే ఇల్లు కాదు అది.

హ్రూస్కాకీ ఆవేళ తొందర ఉంది. రాష్ట్రంలోని పెద్ద యూనివర్సిటీ నుంచి ఇద్దరు పెద్దమనుషులు వచ్చి పైన మొదటి వరసలో కూర్చున్నారు. పన్నెండో కప్పు కూడా కొడితే ఆయన్ని తమ జట్టుకి తీసుకుంటారు. జీతం ఇప్పటికి మూడింతలు. ఏభై ఆరేళ్ళ వయసులో అంతకన్నా పెద్ద పిలుపు ఇక రాదని ఆయనకి తెలుసు.

సహాయకుడు డెన్నీ కెసెల్ తువ్వాలుతో కర్ట్ నుదురు తుడిచి, తువ్వాలు వైపు చూసుకున్నాడు. కెసెల్ ఒకప్పుడు ఇదే గదిలో ఎండిన ఛాంపియనే. ముప్పై నాలుగేళ్ళకే వాడి మూత్రపిండం ఒకటి పాడైంది. అది వాళ్ళ వంశంలో ఉన్న జబ్బని గురువూ నమ్మాడు, శిష్యుడూ నమ్మాడు.

"గురువుగారూ, వీడికి చెమట ఆగిపోయింది" అన్నాడు కెసెల్.

హ్రూస్కా కుర్రాడి మెడ మీద చెయ్యి వేశాడు. పెనంలా కాలుతోంది, పొడిగా ఉంది. ఇంకెవరైనా అయితే హడలిపోయేవారు. కానీ ఇరవై మూడేళ్ళుగా ఆయన నేర్చుకున్నదీ నేర్పిందీ ఒకటే: చెమట పట్టలేదంటే కాళ్ళు ఆడటం లేదని.

"దొంగాట ఆడుతున్నాడు వెధవ. ఇంకో సూటు తొడుగు. పొగరు కరిగితే చెమట అదే వస్తుంది."

కెసెల్ రెండో సూటు తొడిగాడు. కర్ట్ వాడి వంక చూసి నవ్వాడు.

"పందులకి మేత పెట్టావా డాడీ?"

వాళ్ళ నాన్న పోయి ఆరేళ్ళయింది.

"చూశావా, జోకులేస్తున్నాడు. ఇంకా దమ్ముంది" అన్నాడు హ్రూస్కా. నిజంగానే అలా అనుకున్నాడు.

సరిగ్గా అప్పుడే తలుపు దగ్గర ఎవరో గొడవ పడుతున్న చప్పుడైంది. కర్ట్ తల్లి నోర్మా వచ్చింది. మూడు వారాలుగా బరువు వంకతో ఇంటికి రాని కొడుకుని పోటీకి ముందు ఒక్కసారి చూద్దామని, శనివారం కూలి వదులుకుని వచ్చింది. కెసెల్ అడ్డం వెళ్ళాడు.

"మగపిల్లల స్నానాల గదమ్మా ఇది. మీరు రాకూడదు."

"వాడికి నీళ్ళు పోసి పెంచినదాన్ని. పక్కకి జరుగు నాయనా."

జరిగాడు. ఆమె ఆవిర్లోకి వచ్చి కొడుకు ముఖం చూసి ఆగిపోయింది. పెదాలు పగిలి తెల్లగా ఉన్నాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ ఆమెను చూడటం లేదు.

"దింపండి వాణ్ణి" అంది.

"అరగంట ఓర్చుకోండి నోర్మా గారూ. సాయంత్రానికి మీవాడు ఛాంపియన్. అప్పుడు మీరే నాకు కేకు చేసి పంపుతారు."

"హ్రూస్కా గారూ, నేను లారీల నుంచి పందుల్ని దించే చోట పని చేస్తాను. జూలైలో ఒక్కో పంది ఇలాగే చూపు నిలబెట్టేస్తుంది. అది కనిపిస్తే లారీ ఆపేసి గొట్టం పెట్టి నీళ్ళు కొడతాం. పనిలో చేరిన రోజు మేస్త్రీ నాకు మొట్టమొదట నేర్పింది అదే. నూట పది డాలర్ల సరుకు, చావనివ్వరు. నా కొడుకుని ఎందుకు చావనిస్తున్నారు?"

కర్ట్ తల కదిలింది.

"అమ్మా, పోవే. రెండు పౌండ్లేగా. సారున్నారుగా."

ఆ మాట అంటూనే సైకిలు మీద నుంచి పక్కకి ఒరిగి నేల మీద పడ్డాడు. పడ్డవాడు ఆగలేదు. తడి పలకల మీద వెల్లకిలా పడుకుని, కాళ్ళు గాల్లో తొక్కుతూనే ఉన్నాడు. పెడలు లేదన్న సంగతి వాడికి తెలియదు.

హ్రూస్కా ఆ కాళ్ళ వంకే చూశాడు. ఆగమని ఆయన చెప్పలేదు కాబట్టి అవి ఆగటం లేదు. వెళ్ళి ఒక్కొక్క కుళాయినీ చన్నీళ్ళకి తిప్పడం మొదలుపెట్టాడు.

"గురువుగారూ," కెసెల్ ఆయన మణికట్టు పట్టుకున్నాడు. "నీళ్ళు నోట్లో పడితే తాగేస్తాడు. ఇక కాటా ఎక్కలేడు. పైన వాళ్ళు కూర్చుని ఉన్నారు."

"అంబులెన్సుకి ఫోన్ చెయ్యరా."

"పన్నెండో కప్పు..."

"చెయ్యరా ముందు."

కుర్రాడి ఒంటి మీది రబ్బరుని తల్లి తన చేతిసంచిలోని కత్తెర తీసి నిలువునా కోసేసింది. హ్రూస్కా ఒంటి మీద బట్టలతోనే ఆ నీళ్ళ కింద కూర్చుని వాడి తల ఒళ్ళో పెట్టుకున్నాడు. కాళ్ళు చాలాసేపటికి గానీ ఆగలేదు. అంబులెన్సువాళ్ళు వచ్చి ఊపిరి ఉందన్నారు. అంతకుమించి అడిగితే ఇప్పుడే చెప్పలేమన్నారు. నోర్మా కొడుకుతోపాటు ఎక్కింది. ఎక్కుతూ హ్రూస్కా వైపు చూడలేదు. ఆమె తిట్టి ఉంటే బాగుండేదని ఆయనకి అనిపించింది.

పదింటికి ఆయన తడి బట్టలతోనే కాటా దగ్గర నిలబడ్డాడు. రిఫరీ కాగితం చూసి పిలిచాడు.

"నూట ఇరవై ఆరు?"

"మా మనిషి లేడు."

"ఇంకో అయిదు నిమిషాలు ఆగమంటే ఆగుతాను, వర్నన్."

"ఆగొద్దు. మా జట్టులో ఎవరూ కాటా ఎక్కటం లేదివాళ."

రిఫరీ కలం చేతిలోనే ఉండిపోయింది. హ్రూస్కా వెనక్కి తిరిగి నడవాలోకి వెళ్ళాడు. మిగిలిన తొమ్మిదిమందీ గోడకి ఆనుకుని కూర్చున్నారు. ముగ్గురి ఒంటి మీద ఇంకా రబ్బరు సూట్లున్నాయి. ఆ రవ్వంత బరువైనా తగ్గాలని ఇద్దరు డబ్బాల్లోకి ఉమ్ముతున్నారు.

"విప్పేయండి అవి. రండి, నీళ్ళు తాగండి" అన్నాడు.

ఎవరూ కదల్లేదు. ఆయన వెళ్ళి మంచినీళ్ళ కుళాయి మీట నొక్కి పట్టుకున్నాడు. నీళ్ళు పైకి లేచి తొట్టిలో పడుతున్నాయి. తొమ్మిది జతల కళ్ళు ముందు నీళ్ళని, తర్వాత ఆయన ముఖాన్ని, తర్వాత కెసెల్‌ని చూశాయి. కెసెల్ తల దించుకున్నాడు.

నూట నలభై రెండు పౌండ్ల కుర్రాడు నాలుకతో పెదాలు తడుపుకోబోయాడు. నాలుక కూడా పొడిగానే ఉంది.

"సార్, ఇది పరీక్షా?"

"కాదురా."

పోయినేడు ఇలాగే గ్లాసు అందిస్తే తాగినందుకు ఒకడు జట్టులోంచి పోయిన సంగతి ఈ కుర్రాడికి తెలుసు. ఆ గ్లాసు అందించింది హ్రూస్కాయే.

"నాకు దాహంగా లేదు సార్" అన్నాడు వాడు.

పక్కవాడు కూడా అదే మాట అన్నాడు. హ్రూస్కా మీట వదల్లేదు. నీళ్ళు పోతూనే ఉన్నాయి.