చంకలో చల్లటి సీసా

నేను ఒక థర్మామీటరును. పాదరసం ఉండే గాజుదాన్ని కాదు, చివర్లో బీప్ అనే ప్లాస్టిక్‌దాన్ని. ఏదో ఫ్యాక్టరీలో పుట్టి, అట్టపెట్టెలో ఊళ్లు దాటి, విశాఖపట్నంలో పిల్లల రక్తక్యాన్సర్ వార్డుకి చేరాను. నాకు వచ్చిన పని ఒక్కటే, తగిలినదాని వేడి చెప్పడం.

అక్కడ ఝాన్సీ ఉండేది. తొమ్మిదేళ్లు, పలాస పిల్ల. మందులకి జుట్టంతా రాలిపోయింది, రక్తంలో తెల్లకణాలు అడుగంటాయి. అలాంటప్పుడు చిన్న జ్వరమైనా ప్రాణం మీదికి తెస్తుంది. జ్వరం లేకపోతేనే మర్నాడు ఇంటికి. అందుకని ఆ పిల్ల ఏం చేసిందో తెలుసా? ఫ్రిజ్‌లోని నీళ్ల సీసా చంకలో నొక్కిపెట్టుకుని కూర్చుంది! నేను తొంభై ఐదు అన్నాను. అబద్ధం కాదు, సీసా సంగతి చెప్పానంతే.

ఎస్తేరు సిస్టర్ తడిసిన చొక్కా చూసింది. చంక తుడిచి, కాసేపాగి మళ్లీ పెట్టింది. నూటొకటి! వెంటనే డాక్టరుకి ఫోను, సెలైను, యాంటీబయోటిక్.

"దొంగపిల్ల! గట్టిగా తిట్టండక్కా" అంది ట్రైనీ నర్సు.

"తిడితే ఈసారి ఇంకా బాగా దాస్తాది. రోగి తనకి తను చేసుకోగలిగింది చేసుకోనివ్వడమూ నర్సింగేనని చదివావు కదా? పరీక్షలో రాసేసి వదిలేశావేటి?"

డిశ్చార్జి రోజున సిస్టర్ నన్ను ఝాన్సీ చేతిలో పెట్టింది. "జ్వరం చూసే డ్యూటీ ఇక నీదేనమ్మా. నూరు దాటితే ఎవరేమన్నా ఆసుపత్రికి బయల్దేరిపోవాల."

కొన్నాళ్లకి బాబాయి పెళ్లి. కొత్త పరికిణీ, ముఖానికి మాస్కు, ఇంటినిండా చుట్టాలు. ముహూర్తం ముందు ఝాన్సీకి చలి పుట్టింది. ఎవరూ గమనించలేదు. వంటగదిలోకి వెళ్లి నన్ను చంకలో పెట్టుకుంది. మళ్లీ నూటొకటి. చాలాసేపు నన్నే చూసింది. ఫ్రిజ్ పక్కనే ఉంది.

తలుపు తియ్యలేదు. నేరుగా నాన్న దగ్గరికి వెళ్లింది.

"ఎండలో గెంతితే ఒళ్లు వెచ్చబడదేటి? తాళి కట్టనీవే, తరవాతెళ్దురు గానీ" అంది నానమ్మ.

"నా డ్యూటీ నానమ్మా. నాన్నా, కారు తియ్యి."

దారంతా ఏడుస్తూనే ఉంది, నన్ను గుప్పిట్లోంచి వదల్లేదు.

"జ్వరం ఎవరు చూశారు?" సెలైను పెడుతూ అడిగింది ఎస్తేరు సిస్టర్.

"నేనే."

సిస్టర్ ఆ చిన్న చేతిని కాసేపు పట్టుకుంది.

చికిత్స ముగిసి చాలా కాలమైంది. ఇప్పుడు నేను పలాసలో, ఝాన్సీ సొరుగులో ఉన్నాను. బ్యాటరీ అయిపోయింది, ఎవరికీ గుర్తులేదు. రోజూ పొద్దున్నే ఒక చెయ్యి నన్ను పక్కకి తోసేసి, జడకి క్లిప్పులు వెతుక్కుంటుంది.